కుడి చెవి అతుకు

మా మామగారికి చెవుడు. ఆ చెవుడు ఆయన ఒక్కరికే పరిమితమై ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఆయనకు వినపడటం కోసం ఇల్లంతా వినవలసి రావడం, అదీ నా బాధ.

ఆయన పేరు చంద్రశేఖరంగారు. విజయనగరంలో ముప్పై ఏళ్లు సంగీతం మాస్టారుగా చేసి, ఇప్పుడు నరసన్నపేటలో మా ఇంట్లో ఉంటున్నారు. రోజూ తెల్లవారి ఐదింటికి లేచి, ఫోనులో పాత పాటలు పెట్టి, సౌండు చివరిదాకా పెంచి, ఫోనును స్టీలు గిన్నెలో నిలబెడతారు. గిన్నెలో పెడితే ఇంకా గట్టిగా వినిపిస్తుందని ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎవరా అని పళ్లు నూరుకుంటూ చాలా రోజులు ఆలోచించాను. చివరికి నేనేనని తేలింది. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ధ్వని పాఠం పొరపాటున ఇంట్లో కూడా చెప్పేశాను.

చెవి మిషను లేదా అంటారేమో. ఉంది, సొరుగులో ఉంది. పెట్టుకోమంటే, "అది మధ్యమధ్యలో ఈల వేస్తాది. ఆ ఈలకి శ్రుతి లేదు" అంటారు. శ్రుతి లేని ఈల వినడం కన్నా ఏమీ వినకపోవడం మేలని ఆయన నిర్ణయం.

ఇక నా సంగతి. నాకు పుట్టుకతోనే కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊగుతుంది, కాలు ఆపితే వేళ్లు బల్ల మీద దరువేస్తాయి. మా బడిలో పిల్లలు నాకు పెట్టిన పేరు వైబ్రేషన్ మాస్టారు. అలాంటివాడికి నిద్ర పట్టడమే కష్టం. పట్టేసరికి రెండవుతుంది. ఐదింటికి గిన్నెలోంచి వీణ మొదలవుతుంది.

ఒకరోజు స్టాఫ్ రూములో ఫోను చూస్తుంటే ఒక ప్రకటన కంటపడింది. హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు కిట్టు. ఫోనులోంచి వచ్చే శబ్దాన్ని పెద్దది చేసి చెవుల్లో మాత్రమే పోస్తుందట. విడిభాగాలు వాళ్లు పంపుతారు, అతికించుకోవడం మన పని. గంటలో తయారవుతుందని రాశారు. ఎవరు చేస్తే గంటో రాయలేదు.

నాకు వెంటనే దారి కనిపించింది. మామగారి చెవుల్లో ఎంత మోత మోగినా మోగనీ, నా చెవుల్లో నిద్ర ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే మా ఆవిడ విశాలి ఊరుకోదు కాబట్టి సంగతికి కొంచెం మెరుగు పెట్టాను.

"విశాలీ, మీ నాన్నగారి కోసం ఒకటి తయారు సేద్దారనుకుంటన్నాను" అన్నాను ఆ సాయంత్రం.

"ఏటి?"

"చెవులకి పెట్టుకునే మిషను. గట్టిగా వినిపిస్తాది. ఈల ఉండదు."

"తయారు సేస్తారా? మీరా?"

"నేనే. సైన్సు మాస్టార్ని."

"మొన్న కేలండరుకి మేకు కొట్టమంటే మొన పక్కింటి లక్ష్మణమ్మగారి గదిలో తేలింది. పాపం ఆవిడ దానికి సంచి తగిలించుకుంటన్నాది."

"అది గోడ నాసిరకం."

విశాలి నవ్వబోయి ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి, "నిజంగా సేస్తారా?" అంది. "అయితే నాన్నకి అమ్మ పాట వినిపించండి."

ఈ అమ్మ పాట గురించి మీకు చెప్పాలి. మా అత్తగారు జ్ఞానాంబగారు పోయి ఆరేళ్లయింది. ఎప్పుడో విశాలి చిన్నప్పుడు ఆలుమగలిద్దరూ ఇంట్లో కూర్చుని ఒక మంగళహారతి పాడుకుని టేపురికార్డరులో పట్టారు. మామగారి ముందు ఒక మైకు, అత్తగారి ముందు ఒక మైకు. ఒక చరణం ఈయన వీణ వాయిస్తూ పాడతారు, ఒక చరణం ఆవిడ పాడుతుంది. ఆ క్యాసెట్టును మా బావమరిది చినబాబు ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. గిన్నెలో పెడితే మామగారి చరణం వీధి చివరిదాకా వినిపిస్తుంది. అత్తగారిది సన్నని గొంతు. అది మాకు వినిపిస్తుంది గాని, ఆయన చెవిదాకా వెళ్లదు.

ఆయన తన చరణం అయిపోగానే మా ముఖాలకేసి చూస్తారు. మా ముఖాలను బట్టి ఆవిడ పాడుతోందని తెలుసుకుంటారు. "వచ్చిందా?" అని అడుగుతారు. "వచ్చింది" అంటాం. తృప్తిగా తల ఊపుతారు. నిద్రకళ్లతో విసుక్కుంటూ నేను కూడా ఎన్నోసార్లు వచ్చిందన్నవాణ్నే. విశాలి అలా అడిగేసరికి నా పథకం కొంచెం సిగ్గుపడింది. నేను మాత్రం పడలేదు.

మర్నాటికి సంగతి ఊరంతా పాకింది. కొత్తవలసలో ఉన్న చినబాబు ఫోను చేసి, "బావా, నీలాంటి అల్లుడు ఎవరికుంటాడు" అన్నాడు. లక్ష్మణమ్మగారు గోడ అవతల నుంచి, "మాస్టారూ, మా ఆయనకీ ఒకటి సేసి పెడుదురూ" అంది. పాలవాడు కూడా ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అప్పటికి కిట్టు ఇంకా రానేలేదు.

అది మంగళవారం వచ్చింది. అరచేయంత పచ్చటి పలక, దాని నిండా బెజ్జాలు, చిన్న చిన్న సంచుల్లో రంగురంగుల గింజల్లాంటి భాగాలు. ఒక్కొక్క భాగం కాళ్లను బెజ్జాల్లో దూర్చి, వెనకవైపు కాలిన ఇనుముతో సీసం కరిగించి అతకాలి. మొత్తం అరవై నాలుగు అతుకులు. మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే ధనరాజ్ దగ్గర ఇనుము, సీసం తీగ అరువు తెచ్చుకుని భోజనాల బల్ల మీద కూర్చున్నాను. నెత్తి మీద ఫ్యాను ఐదులో తిరుగుతోంది.

మొదటి అతుకు వేశాను. పొగ వచ్చింది. ఉఫ్ అని ఊదాను. రెండోది వేశాను, ఊదాను. కాఫీ ఊదుకుంటాం, దోసె ఊదుకుంటాం, దెబ్బ తగిలితే ఊదుకుంటాం. వేడి వస్తువు కనపడితే ఊదకుండా ఎవరుండగలరు. రెండు అతుకులకొకసారి లేచి మంచినీళ్లు తాగాను. నాలుగు అతుకులకొకసారి వీధి గుమ్మంలోకి వెళ్లి, అక్కడ పనేమీ లేక తిరిగి వచ్చాను.

"ఒక సోట కూకోలేరా?" అంది విశాలి.

"కూర్చునే సేస్తన్నాను."

"బల్ల ఊగుతన్నాది. వంటింట్లో గిన్నెలు కూడా కదుల్తన్నాయి. ఏటండీ, ఆ ఇనప కడ్డీ దేన్లో గుచ్చేరు?"

ఇడ్లీ రేకులో గుచ్చాను. దానికి సరిగ్గా బెజ్జాలుంటాయి. ఆ రేకు ఇక ఇడ్లీలకు పనికిరాదని విశాలి తీర్పు చెప్పి నాకే బహూకరించింది. బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డకు నాలుగు చోట్ల చిల్లులు పడ్డాయి. ఐదో చిల్లు నా లుంగీకి.

బుధవారం నాటికి అరవై నాలుగూ అయ్యాయి. బ్యాటరీ తగిలించాను. శబ్దం రాలేదు, వాసన వచ్చింది. పలక మధ్యలో ఎనిమిది కాళ్ల నల్లటి చిప్పు ఒకటుంది, దాన్ని తలకిందులుగా పెట్టానట. ఇలాంటివాడు కూడా కొంటాడని ముందే అనుకున్నారేమో, కిట్టువాళ్లు ఇంకొకటి విడిగా పంపారు. దాన్ని పెట్టి హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకున్నాను. ఎడమ చెవిలో మామగారి వీణ ఉరుములా మోగింది. కుడి చెవిలో ఏమీ లేదు.

ఒక చెవి పనిచేస్తోంది కదా, చాలుననుకున్నాను. రెండు చెవులకీ చెవుడున్న మనిషికి ఒక చెవి లాభమే కదా అని నా లెక్క. ఆ సాయంత్రమే మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, పాట మొదలుపెట్టాను. విశాలి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లక్ష్మణమ్మగారు కాఫీ గ్లాసుతో సహా వచ్చి నిలబడింది.

మామగారి ముఖం విచ్చుకుంది. ఎవరినీ మాట్లాడవద్దని చెయ్యెత్తారు. ఆయన చరణం అయినట్టుంది, కళ్లు తెరిచి అలవాటు ప్రకారం మా ముఖాలకేసి చూశారు. పాట ఆయన చెవుల్లో ఉంది, మాకేం వినపడుతుంది. ముగ్గురం మూడు గోడల్లా నిలబడ్డాం.

"వచ్చిందా?" అన్నారు.

"వచ్చే ఉంటాదండి" అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "రాలేదయ్యా. నా పాట తరవాత అంతా ఖాళీ. గిన్నెలో అయితే మీ ముఖాల్లోనైనా కనపడేది" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఈయన మైకు ఎడమ చెవికి, ఆవిడ మైకు కుడి చెవికి వచ్చాయి. నేను అక్కర్లేదని వదిలేసిన చెవిలోనే మా అత్తగారు ఉంది. ఈసారి పథకంతో పాటు నేనూ సిగ్గుపడ్డాను.

"పోనీలే గురుప్రసాదూ, కష్టపడ్డావు" అన్నారు ఆయన లేస్తూ. "నాను సోమవారం కొత్తవలస ఎళ్లిపోతాను. సినబాబు రమ్మంటన్నాడు. ఆడి ఇంటి పక్క నుంచి గూడ్సు బళ్లు ఎళ్తాయి. ఆ మోతలో నా మోత ఎవరికీ అడ్డం రాదు."

అంటే ఆయనకు తెలుసు. నేను ఐదింటికి దిండు చెవులకు కట్టుకోవడం, తలుపు దబ్బున వేయడం, అన్నీ తెలుసు. చెవులు లేకపోతే మనిషికి కళ్లుండవా.

నిజానికి నేను ఎగిరి గంతెయ్యాలి. టంకం లేదు, తీగ లేదు, నేను కోరుకున్నది దానంతట అదే కాళ్ల దగ్గరికి వచ్చింది. కాని ఆ రాత్రి అన్నం సహించలేదు. విశాలి కంచం తీస్తూ ఒక్క మాటే అంది, "సోమవారం లోపల అమ్మ పాట వినిపించి పంపండి." నేను సరేనన్నాను. ఈసారి మెరుగేమీ పెట్టలేదు.

గురువారం నుంచి వేట మొదలుపెట్టాను. అరవై నాలుగింటిలో ఎక్కడో ఒక అతుకు పట్టలేదు. మామగారు పంచాంగం చదువుకునే భూతద్దం తెచ్చి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, అంటే అన్నీ నావే. అగరుబత్తి పుల్లతో ఒక్కొక్కదాన్నీ పొడిచాను. ఒకచోట పొడిస్తే కుడి చెవిలో గరగరమంది. ఇంకొకచోట గుయ్యిమంది. మూడోచోట నొక్కితే రేడియోలో ఒరియా వార్తల్లాంటివేవో వచ్చాయి. పుల్ల తీస్తే మళ్లీ మామూలు నిశ్శబ్దం.

శుక్రవారం మధ్యాహ్నం ఒక అద్భుతం జరిగింది. పలక మూల బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంటే కుడి చెవి పలికింది. వేలు తీస్తే పోయింది. నొక్కితే వచ్చింది. నాకు మళ్లీ దారి కనిపించింది. నాకు కనిపించే దారులతో వచ్చిన చిక్కే ఇది, చాలా తొందరగా కనిపిస్తాయి.

పలకను తువ్వాలు కింద పెట్టి, తువ్వాల్లోంచి వేలు పెట్టి, విశాలిని పిలిచాను. "విను. అయిపోయింది" అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి నొసలు ముడిపడ్డాయి.

"అమ్మకి ఈ వణుకేటి?"

"పాత టేపు కదా."

"అమ్మ గొంతు ఎప్పుడూ వణకలేదు. ఒకపాలి వస్తన్నాది, ఒకపాలి పోతన్నాది." ఆమె కళ్లు తెరిచి బల్ల కిందకు చూసింది. నా కాలు ఊగుతోంది. కాలు ఊగితే చెయ్యి ఊగుతుంది, చెయ్యి ఊగితే వేలు ఊగుతుంది, వేలు ఊగితే అత్తగారు ఊగుతుంది.

విశాలి తువ్వాలు లాగేసింది.

"ఏటిది?"

"వేలు."

"రోజూ ఐదింటికి లేచి నాన్న పక్కన కూకుని ఏలెడతారా?"

"అలవాటయిపోతాది."

"కొత్తవలసకి పార్సిలు సెయ్యమంటారా ఈ ఏలిని?"

వేలు తీసేశాను.

శనివారం బడి ఒంటిపూట. పలక పట్టుకుని ధనరాజ్ కొట్టుకు వెళ్లాను. అతను కంటికి అద్దం బిగించుకుని వెనకవైపు తిప్పి చూసి, నాలుక చప్పరించాడు. డాక్టర్లు అలా చప్పరిస్తే నాకు భయం.

"మాస్టారూ, ఇవి మీరే ఏసేరా?"

"ఏం?"

"మంచి అతుకు అద్దంలాగ మెరుస్తాది. ఇవి సూడండి, బూడిదరంగు. నూక పోసినట్టున్నాయి. పైకి అంటుకున్నాయి గాని లోపల పట్టలేదు. సీసం గట్టిపడకముందే మీరు సెయ్యి కదిపేస్తన్నారు. ఊదుతన్నారేటి?"

"కొంచెం."

"ఫేను?"

"ఐదులో."

"ఫేనాపీండి. ఊదకండి. సీసాన్ని కాల్చకండి, పలకనీ కాలునీ కాల్చండి, సీసం దానంతటది పాకుతాది. తరవాత మూడు లెక్కెట్టీదాకా బొమ్మలాగ ఉండిపోవాల. మూడే సెకన్లు మాస్టారూ. ఇలాగియ్యండి, నాను ఏసీస్తాను."

ఇవ్వవలసింది. కాని నేనే చేస్తానని పాలవాడిదాకా తెలిసిపోయింది. పైగా, మూడు సెకన్లు కదలకుండా ఉండలేనా అని పౌరుషం వచ్చింది. పలక లాక్కుని ఇంటికొచ్చాను.

ఫ్యాను ఆపాను. ఆషాఢమాసం ఉక్క మీకు చెప్పక్కర్లేదు. ఒకటి లెక్కపెట్టాను. రెండు దగ్గర ముక్కు దురద పుట్టింది. ఇంకో అతుకుకు రెండు దాటాను, నుదుటి మీది చెమట చుక్క ఇనుము మీద పడి చుయ్యిమంది, నేను ఎగిరిపడ్డాను. మామగారు గదిలోంచి, "కరెంటు పోయిందా?" అని కేకేశారు. లేదని అరవడానికి తల తిప్పేసరికి రెండు కాళ్ల మధ్య సీసం వంతెన కట్టింది. మూడు అనేది ఎంత దూరమో అప్పుడు తెలిసింది. పొద్దు వాలేసరికి ఉన్న ఎడమ చెవి కూడా పోయింది.

ఆదివారం పొద్దున్న మామగారు సంచి సర్దుకుంటున్నారు. ఫోను పెట్టుకునే స్టీలు గిన్నెను తువ్వాల్లో చుట్టి పైన పెట్టుకున్నారు. నేను బల్ల దగ్గర కూర్చుని ఆ పలకకేసి చూస్తున్నాను. కాలు ఊపుకోవడానికి కూడా ఓపిక లేదు. విశాలి వచ్చి ఫ్యాను ఆపేసింది.

"లెగండి" అంది.

"ఎందుకు?"

"నాను కూకోడానికి. మీరు ఎళ్లి వంటింటి గుమ్మంలో నిలబడండి. బల్ల ముట్టుకోకండి."

"నీకు సోల్డరింగు వచ్చేటి?"

"సోల్డరింగు రాదు. మైనం వచ్చు." ఇనుము అందుకుంది. "వీణకి మెట్లు నిలబెట్టడం సూసేరా ఎప్పుడైనా? మైనం వేడి సేసి మెట్టు దించి, గట్టిపడీదాకా ఊపిరి కూడా మెల్లిగా పీల్చాల. కదిపితే మెట్టు నిలబడదు, ఊదితే మైనం పగుల్తాది. పదేళ్లప్పటినుంచి నాన్న పక్కన కూకుని అదే పని నాకు. మీ ధనరాజ్ సెప్పిందీ అదే కదా."

"మరి మంగళవారమే చెప్పొచ్చుగా."

"సెప్పేను. ఒక సోట కూకోమన్నాను."

హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని పుల్లతో ఒక్కొక్క అతుకునూ మెల్లగా తడుతూ పోయింది. నేను తట్టినప్పుడు నాకు గరగర, గుయ్యి మాత్రమే వినిపించాయి. ఆమె చెవికి ఏ గరగర ఎక్కడిదో తెలుస్తోంది. సీసం వంతెన ఒకటి గీకేసింది. ఎడమ చెవి తిరిగి వచ్చింది. సౌండు తిప్పే బుడిపె దగ్గర రెండు, హెడ్‌ఫోన్ దూర్చే బెజ్జం దగ్గర ఒకటి, మొత్తం మూడు అతుకులు విప్పి మళ్లీ వేసింది. వేసినప్పుడల్లా ఎడమచేత్తో ఒళ్లో మెల్లగా మూడు దెబ్బలు తాళం వేసుకుంది. గుమ్మంలో నిలబడి నేనూ ఊపిరి బిగబట్టాను. పొయ్యి మీద కుక్కరు మూడు కూతలు కూసేలోపల పని అయిపోయింది.

పాట పెట్టుకుని వింది. హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కుడి చెవిలో జ్ఞానాంబగారు పాడుతోంది. సన్నగా, స్థిరంగా, ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా. చరణం అయ్యాక, టేపు ఇంకా తిరుగుతోందని మరిచిపోయి, "ఒసే విశాలీ, పాలు సూడు" అంది. ఆరేళ్లుగా ఆ పాట వింటున్నాం, ఆ మాట మాలో ఎవరమూ వినలేదు. గిన్నెలోంచి అది వచ్చేది కాదు.

మామగారిని పిలిచాం. ఆయన పలక చూసి, "బాగయిందా? ఎవరు సేసేరు?" అన్నారు.

నేను నోరు తెరిచాను. విశాలి నా కన్నా ముందు, "ఇంకెవరు నాన్నా, మీ అల్లుడుగారే. వారం నుంచి నిద్దర లేదు" అంది గట్టిగా.

చూశారా, ఇక్కడ నేను నిజం చెప్పాలి. చెప్పడానికి ఒక క్షణం ఉంది కూడా. కాని గోడ అవతల లక్ష్మణమ్మగారు, "మాస్టారంటే మాటలేటి" అనడం వినిపించింది. ఆ క్షణం కాస్తా వెళ్లిపోయింది.

మామగారు హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. ఆయన చరణం నడుస్తున్నంతసేపూ వేళ్లు మోకాలి మీద కదిలాయి. తరవాత కదలడం మానేశాయి. ఆయన మావైపు చూడలేదు. ఏమీ అడగలేదు. నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

పాట అయ్యాక తల ఎత్తి విశాలితో, "ఆ రోజు పాలు పొంగిపోయేయి. నువ్వు సూళ్లేదు" అన్నారు.

"లేదు నాన్నా. మీ పాట వింటన్నాను" అంది విశాలి.

ఆయన లేచి సంచిలోంచి స్టీలు గిన్నె తీసి వంటింట్లో పెట్టి వచ్చారు. "సినబాబుకి ఫోను సెయ్యమ్మా. నాను రాను. అక్కడ గూడ్సు బండి అదురుకి ఇది ఊడిపోతే ఎవడు బాగు సేస్తాడు? అల్లుడి దగ్గరుంటేనే దీనికి భద్రం. నాకూ భద్రం."

"అబ్బే, అదేం లేదండి మావయ్యగారూ" అన్నాను కంగారుగా. "నిజానికి ఇది సేసింది విశాలే. అక్కడికి తీసుకెళ్లినా ఏమీ కాదు."

"ఏటంటన్నాడు?" అన్నారు ఆయన కూతురి వైపు తిరిగి.

"మీ అల్లుడికి అణకువ ఎక్కువ నాన్నా" అంది విశాలి.

సరే, ఆయన ఉంటే ఉన్నారు, నా నిద్ర నాకు దక్కింది కదా అనుకున్నాను. ఆదివారం రాత్రి పెందలాడే పడుకున్నాను. సోమవారం ఐదింటికి ఇల్లు అదిరిపోయింది.

గిన్నె కాదు. మామగారే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, తన చరణాన్ని టేపులోని తనతో కలిసి, తారస్థాయిలో పాడుతున్నారు. చెవులు మూసుకుపోయిన మనిషికి తన గొంతు తనకు వినపడదు. వినపడదు కాబట్టి ఇంకా పెంచుతారు. ధ్వని పాఠంలో ఈ సంగతి లేదు. వీధిలో కుక్కలు లేచాయి. లక్ష్మణమ్మగారి ఇంట్లో లైటు వెలిగింది. ఈ మోత ముందు ఆ గిన్నె జోలపాట.

లేచి మంచం మీద కూర్చున్నాను. పక్కన విశాలి కూడా మేలుకునే ఉంది. చీకట్లో కూడా ఆమె నవ్వుతోందని తెలుస్తోంది.

"ఇలాగవుతాదని నీకు ముందే తెలుసా?" అన్నాను.

"ఎలాగ?"

"సెవులకి పెట్టుకుంటే గట్టిగా పాడతారని."

"సంగీతం మేష్టారి కూతుర్ని. ఆమాత్రం తెలీదేటి."

"నేను నిద్ర కోసమే ఇదంతా మొదలెట్టానని?"

"అదీ తెలుసు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే సేసీవోరేటి?"

ఆలోచించాను. దీనికి గట్టి జవాబొకటి ఉండి తీరాలనిపించింది. దొరికినట్టే ఉంది కూడా. చెబుదామని గొంతు సవరించుకునేసరికి పక్క గదిలో మామగారి పాట ఠక్కున ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

నేను నోరు తెరవబోయాను. విశాలి చెయ్యి నా చేతిమీద వేసి మెల్లగా అంది, "కాసేపు ఊరుకోండి. అమ్మ పాడతన్నాది."